పూటకూళ్లవాని యిల్లు

పాఠ్యభాగము: లూకా 10:30-37. పోల్చి చదువుడి: అపొ. కార్యములు 6:1-7.

మంచి సమరయుని ఉపమానమును బోధించునపుడు మనము సాధారణముగా 33వ వచనమునొద్ద, అనగా అతడు జాలిపడుటయొద్దనే నిలిచిపోవుదుము. లూకా అక్కడ నిలువలేదు. గాయములకు కట్లు, నూనె, ద్రాక్షారసము, వాహనము, బస, ఆ రాత్రి పరామర్శ, మరునాడు రొక్కము, తిరిగివచ్చి మిగిలినది తీర్చెదనను మాట, వీటన్నిటిని వరుసగా వ్రాసెను. కొన్ని పనులు సమరయుడు స్వయముగా చేసెను, కొన్ని మరియొకనికి అప్పగించెను. అయితే ఒక పనికిని మరియొక పనికిని నడుమ గాయపడినవాడు జారిపోకుండ చూచినవాడు అతడొక్కడే.

ఈ పూటకూళ్లవాని యింటికి గ్రీకు మూలములో 'పండొఖెయొన్' అను పదమున్నది. అందరిని చేర్చుకొను చోటు అని దాని వ్యుత్పత్తి. క్రొత్త నిబంధనలో ఈ పదము మరెక్కడను కానరాదు. బేత్లెహేములో స్థలము దొరకని సత్రమునకు లూకా వాడినది వేరొక మాట, 'కటలుమ'. తెలుగు అనువాదకులు రెండింటికి రెండు మాటలు వేసి ఆ భేదమును నిలిపిరి. పూటకూలి అనగానే మనకు అన్నమే తోచును గాని, ఇక్కడ పడకయు సేవయు కూడ ఉన్నవి.

ఇప్పుడు మన వీధులను చూతము. 2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షలమంది. వారిలో 9 లక్షలకు పైగా పట్టణవాసులు. పట్టణములలో లక్ష జనాభాకు నూరుమందికి సరిపడు ఆశ్రయమొకటి చొప్పున, ఏడాది పొడుగునను రాత్రింబగళ్లు తెరచి ఉంచవలెనని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించెను. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండవలెననెను. అంతేగాక రేషను, పింఛను, వైద్యము, పిల్లల చదువు ఆశ్రయముతో ముడిపడియుండవలెనని కూడ చెప్పెను. ఈ రెండవ మాటయే ముఖ్యమైనది, కష్టమైనదియు అదే.

కాలు విరిగిన కూలివాడొకడు ప్రభుత్వ ఆసుపత్రినుండి విడుదలయ్యెననుకొనుడి. ఆసుపత్రి తన పని ముగించినది. ఆశ్రయమునందు పడక ఉన్నను, లేవలేనివానిని కనిపెట్టుకొనువారు తరచుగా ఉండరు. రేషను కార్డునకు చిరునామా కావలెను. పింఛనుకు ఆధారు, బ్యాంకు ఖాతా కావలెను. ఏ కార్యాలయమునకు ఆ కార్యాలయము తన వంతు చేసియే ఉండవచ్చును. అయినను అతడు మరల కాలిబాటమీదికే చేరును. కొన్నిచోట్ల పడకలు ఖాళీగా ఉండుటకు కారణము సోమరితనమని తలంచుట అన్యాయము. ఆశ్రయము పనిచోటికి దూరమైనను, రిక్షా నిలుపుటకు తావు లేకున్నను, భార్యాభర్తలను విడదీసినను, వారు రారు.

ఫిన్లాండు దేశము 2008లో వేరొక క్రమమును చేపట్టెను. మొదట అద్దె ఒప్పందముతో ఇల్లు, తరువాత చికిత్స, ఉపాధి. త్రాగుడు మానిన పిమ్మటనే ఇల్లు అను షరతు లేదు. హెల్సింకీలో రక్షణసైన్యము నడిపిన 250 పడకల వసతిగృహము 2012లో సుమారు 80 చిన్న యిండ్లుగా మార్చబడెను, అక్కడనే సహాయకులును ఉందురు. ఆ దేశపు ధనము మనకు లేదు. క్రమమునకు మాత్రము ధనముతో పనిలేదు. సమరయుడు కూడ గాయపడినవాని నడవడిని విచారించిన పిదప బస చూపలేదు.

యెరూషలేము సంఘములో ఆహారమునకు కొదువలేదు, దాతృత్వమునకును కొదువలేదు. అయినను గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రు దినదిన పరిచర్యలో విడువబడిరి. అపొస్తలులు మరియొక కానుక పట్టలేదు, ఆ పనికి బాధ్యులైన ఏడుగురిని నియమించిరి. ఏడుగురివియు గ్రీకు పేర్లే, అనగా విడువబడినవారి భాష ఎరిగినవారు. బల్లలయొద్ద సేవకును వాక్యసేవకును లూకా వాడిన పదమొక్కటే, 'దియకొనియ'.

డిసెంబరులో దుప్పట్లు పంచుట మంచిదే, దానిని మానవలసిన పనిలేదు. అయితే పట్టణ సంఘము ఒక్క ఆశ్రయమును ఎంచుకొని, ఇద్దరిని నియమించి, వారమునకొకసారి పంపగలదు. వారియొద్ద ఒక పేర్ల పుస్తకముండవలెను. ప్రతి పేరునకెదురుగా ఆధారు, రేషను, పింఛను, మందులు, పని, అద్దెగది, బంధువుల జాడ అని గడులు గీయవలెను. మునిసిపల్ కార్యాలయమునకును ఆసుపత్రికిని ఆ మనిషితో కూడ నడచి వెళ్లవలెను, చీటీ వ్రాసి పంపుట చాలదు. అద్దెగదిలో చేరిన తరువాతను కొన్ని నెలలు ఆ పేరు పుస్తకములో ఉండనియ్యవలెను, ఏలయనగా బాడుగ తప్పు నెల సాధారణముగా ఆ తరువాతనే వచ్చును.