మలుపులో బండి ఎందుకు ఊగింది?

మెదక్ పట్నం పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక పాలాయన ఉన్నాడు. రోజూ తెల్లవారుజామున ఇల్లిల్లూ తిరిగి పాలు పోగు చేస్తాడు. మోటారు సైకిలు వెనక రెండు క్యాన్లు కడతాడు. మెదక్‌కు బయలుదేరుతాడు. దూరాన చర్చి గోపురం కనపడితే గాని ఆయన ప్రాణం కుదుటపడదు. ఎందుకంటే దారిలో ఒక పెద్ద మలుపు ఉంది. నేరు రోడ్డు మీద బండి బాగానే పోతుంది. ఆ మలుపులో మాత్రం ఊగుతుంది.

ఒకనాడు ఆ మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. పాలాయన బండిని పక్కకు వంచాడు. బండి తోక ఊపింది. చేతికి లొంగలేదు. రోడ్డు దిగి పొలంలో పడింది. మోకాలు చిట్లింది. 40 లీటర్ల పాలు మట్టిపాలయ్యాయి.

ఊళ్ళో వాళ్ళు తలా ఒక మాట అన్నారు. "ఆ మలుపు మంచిది కాదు" అన్నారు కొందరు. "బండికి దిష్టి తగిలింది. నిమ్మకాయ, మిరపకాయలు కట్టు" అన్నారు ఇంకొందరు. పాలాయన నిమ్మకాయ కట్టాడు. మర్నాడు కూడా బండి ఊగింది.

ఆయన భార్య రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఆమె బండి కడుగుతుంటే చెయిన్ కవరు మీద ఒక కాగితం కనపడింది. దాని మీద అంకెలు ఉన్నాయి. 25, 28, 32.

"ఏమయ్యా, ఈ అంకెలు ఏంది?" అని అడిగింది.

"ఏమో. కంపెనోళ్ళు అతికిచ్చిన్రు. నేనెన్నడు సూడలే" అన్నాడు.

ఇద్దరూ కలిసి మెదక్‌లో మేస్త్రీ దగ్గరికి పోయారు.

అంకెలు ఏం చెప్పాయి?

మేస్త్రీ నవ్వాడు. "చెల్లే, మంచి ప్రశ్న అడిగినవ్. అది గాలి లెక్క. ముందు టైరుకు 25. వెనక టైరుకు రెండు లెక్కలు. ఒక్కరే కూచుంటే 28. ఇద్దరు కూచుంటే 32. ఇది ఈ బండి లెక్క. వేరే బండికి వేరే లెక్క ఉంటది" అన్నాడు.

గాలి మీటరు పెట్టి చూశాడు. వెనక టైరులో 15 మాత్రమే ఉంది!

"వేలితో నొక్కి చూస్త గదన్నా. గట్టిగనే ఉండె" అన్నాడు పాలాయన.

"వేలికి తెల్వదు తమ్మీ. మీటరుకే తెలుస్తది" అన్నాడు మేస్త్రీ.

గాలి తక్కువైతే ఏమవుతుంది? టైరు మెత్తబడుతుంది. నేరుగా పోయేటప్పుడు అది అంతగా తెలియదు. మలుపులో మనం బండిని వంచుతాం. అప్పుడు బరువు టైరు పక్కకు నెడుతుంది. మెత్తటి టైరు అటూ ఇటూ మెలి తిరుగుతుంది. దాంతో బండి ఊగుతుంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఒక్కో టైరు రోడ్డును తాకేది అరచేయి అంత జాగాలోనే. మన ప్రాణం ఆ రెండు అరచేతుల జాగా మీదే నిలబడి ఉంటుంది.

ఊగడం రెండు రకాలు

1971లో షార్ప్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త మోటారు సైకిలు ఎందుకు ఊగుతుందో లెక్కలు కట్టి చూపాడు. అందులో రెండు రకాల ఊపులు మనకు ముఖ్యం.

మొదటిది, హ్యాండిల్ గడగడ వణకడం. దీనికి కారణం ఎక్కువగా ముందు భాగంలో ఉంటుంది.

రెండోది, బండి మొత్తం పాములా అటూ ఇటూ పోవడం. దీనికి కారణం ఎక్కువగా వెనక భాగంలో గాని, వెనక కట్టిన బరువులో గాని ఉంటుంది. పాలాయన బండి ఊగింది ఇట్లాగే.

మేస్త్రీ ఏమేం చూశాడు?

బండిని డబుల్ స్టాండ్ మీద నిలబెట్టాడు. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపాడు. చక్రం టక్ టక్ మని కదిలింది. వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేతిని స్వింగ్ ఆర్మ్ అంటారు. అది బండికి అతికే చోట బుష్షులు ఉంటాయి. అవి అరిగిపోయాయి. బుష్షు అరిగితే వెనక చక్రం తన ఇష్టం వచ్చిన వైపు తిరుగుతుంది. అంటే బండిని నడిపేవాళ్ళు ఇద్దరు అవుతారు. ముందు మనం, వెనక చక్రం!

తరవాత చెయిన్ దగ్గర చూశాడు. చక్రానికి రెండు పక్కలా గీతల గుర్తులు ఉంటాయి. ఒక పక్క మూడో గీత మీద ఉంది. రెండో పక్క ఐదో గీత మీద ఉంది. ఎవరో చెయిన్ బిగించేటప్పుడు ఒక పక్కే లాగారు. చక్రం వంకరగా కూచుంది. అందుకే బండి ఒక వైపు తొందరగా వంగుతుంది, రెండో వైపు మొండికేస్తుంది.

ఆ తరవాత ముందు చక్రం పైకి లేచేట్టు వెనక భాగాన్ని నొక్కమన్నాడు. హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పాడు. అది సాఫీగా తిరగాలి. నడుమ పట్టేసినట్టు ఆగితే లోపలి కోన్ సెట్ పాడైనట్టు. ముందు చక్రం పక్కనున్న ఫోర్క్ గొట్టాలను పట్టి ముందుకూ వెనక్కూ ఊపాడు. చప్పుడు వస్తే కోన్ సెట్ వదులైనట్టు. ఈ బండికి అది బాగానే ఉంది.

చివరికి పాల క్యాన్లు చూశాడు. రెండూ వెనక చక్రం ఇరుసు దాటి వేలాడుతున్నాయి. "తమ్మీ, ఎడ్లబండికి వెనక బరువు ఎక్కువైతే ఏమైతది?" అని అడిగాడు.

"కాడి పైకి లేస్తది" అన్నాడు పాలాయన.

"గిది గూడ గట్లనే. వెనక 40 కిలోల మీద బరువు ఉన్నది. ముందు చక్రం తేలికైతది. తేలికైన చక్రం రోడ్డును ఏం పట్టుకుంటది?" అన్నాడు మేస్త్రీ.

బుష్షులు కొత్తవి వేశాడు. చక్రాన్ని సమానంగా బిగించాడు. గాలి నింపాడు. క్యాన్లను సీటు దగ్గరికి జరిపి, రెండు పక్కలా సమంగా, కిందికి కట్టించాడు.

మర్నాడు అదే మలుపు. అదే రోడ్డు. బండి ఊగలేదు.

"మరి నిమ్మకాయ తీసెయ్యాల్నా?" అని అడిగాడు పాలాయన.

"ఉంటే ఉండనీ. గాలి మాత్రం మరువకు" అంది భార్య.

మనం కూడా చూసుకుందాం

1. వారానికి ఒకసారి గాలి చూపించుకోవాలి. బండి నడిపి టైరు వేడెక్కకముందే చూడాలి.

2. టైరు నడుమ అరిగి చదునుగా అయిందా? అట్లాంటి టైరు వంచినప్పుడు అంచు మీద ఎక్కి ఒక్కసారి జారినట్టు అవుతుంది. మార్చెయ్యాలి.

3. సీటు మీద గట్టిగా నొక్కి వదలాలి. బండి పైకి లేచి ఆగాలి. మళ్ళీ మళ్ళీ ఎగిరితే షాకబ్జర్లు పాడైనట్టు. ముందు గొట్టాల మీద నూనె కారినా మేస్త్రీకి చూపాలి.

4. చక్రం నట్లు బిగువుగా ఉన్నాయా, స్పోకు పుల్లలు వదులయ్యాయా చూడాలి.

5. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దాని ప్రకారం బండి మీద నడిపే మనిషి కాక ఇంకొక్కరే కూచోవాలి. ఏడుపాయల జాతరకు ముగ్గురం, నలుగురం ఒకే బండి మీద పోతుంటాం. అది చట్టానికీ తప్పే, ప్రాణానికీ ముప్పే. తలకు హెల్మెట్ తప్పకుండా పెట్టుకోవాలి.

మలుపులో బండి ఊగితే?

భయపడి బ్రేకు గట్టిగా పట్టవద్దు. హ్యాండిల్‌తో కొట్లాడవద్దు. మోకాళ్ళతో టాంకీని అదిమి పట్టుకోవాలి. యాక్సిలరేటరు మెల్లగా తగ్గించాలి. బండి నిదానించాక పక్కకు ఆపాలి. అన్నిటికన్నా మంచిది ఏమిటంటే, మలుపు రాకముందే వేగం తగ్గించడం. నర్సాపూర్ అడవి దారిలో మలుపులు చాలా ఉన్నాయి. అక్కడ ఇది మరీ ముఖ్యం.

చదవండి – చెప్పండి

1. టైరు పక్కన నాలుగు అంకెలు విడిగా ఉంటాయి. అది టైరు పుట్టిన తేదీ. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మీ బండి టైరు మీద ఏముంది? అది ఎన్నేళ్ళ టైరు?

2. మీ బండి మీద గాలి లెక్క ఎక్కడ రాసి ఉంది? ఆ అంకెలు పలక మీద రాయండి.

3. పాలాయన బండి ఊగడానికి ఎన్ని కారణాలు దొరికాయి? వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పండి.

4. ఆ అంకెలు చదవకపోతే ఏమయ్యేది? అందరూ కలిసి మాట్లాడుకోండి.