బే ఆకును ఇంట్లో వాడుకోవడం ఎలా?

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో కాపురం పెట్టి, అక్కడి సూపర్‌మార్కెట్లో ‘బే లీవ్స్’ సీసా కొనుక్కొచ్చి, బిర్యానీలో రెండాకులు వేసి, ‘మన బిర్యానీ వాసన రాలేదేంటి?’ అనుకున్న తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. అది రాదు. మన బిర్యానీ ఆకు హిమాలయాల దిగువన, మేఘాలయ కొండల్లో పెరిగే దాల్చిన జాతి చెట్టుది. ఆ సీసాలో ఉన్నది మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే బే లారెల్ ఆకు. పూర్వం గ్రీకులు కొన్ని పోటీల్లో గెలిచినవాళ్ల తలకు చుట్టిన కిరీటం ఈ కొమ్మలతో అల్లిందే. రెండూ ఒకే కుటుంబానికి చెందిన చెట్లే గానీ గుణాలు వేరు. బే ఆకు పద్ధతి తెలుసుకుని వాడితే వంటకు మంచి కమ్మదనం ఇస్తుంది. మన ఆకుకు బదులుగా వాడితే మాత్రం నిరాశే మిగులుతుంది.

ముందు ఆకును గుర్తుపట్టండి

ఒక ఆకు వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. నడిమధ్య ఒకే ఈనె ఉండి, దాని నుంచి అటూ ఇటూ చిన్న ఈనెలు చీలుతుంటే అది బే. మొదలు నుంచి కొస దాకా మూడు ఈనెలు పక్కపక్కనే సాగితే అది బిర్యానీ ఆకు. తుంచి వాసన చూస్తే అనుమానం పూర్తిగా తీరిపోతుంది. బిర్యానీ ఆకు దాల్చినచెక్క, లవంగం కలిసిన వాసన వేస్తుంది. బే ఆకులో నీలగిరి తైలం లాంటి చల్లని ఘాటు ఉంటుంది. నీలగిరి తైలంలో ఉండే సినియోల్ అనే పదార్థమే దీనిలోనూ ఎక్కువ.

కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకు ఒక మాట. అక్కడి కొండల్లో పెరిగే కాలిఫోర్నియా బే ఇంకో చెట్టు. దాని ఆకు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఘాటు చాలా ఎక్కువ, నలిపి గట్టిగా పీలిస్తే కొందరికి తలనొప్పి వస్తుంది. వంటకు నేనైతే దాని జోలికి పోవద్దంటాను. అలాగే పెరట్లోనో పార్కులోనో కనబడిన ఆకుల్ని పోలికను బట్టి కోసుకోకండి. గన్నేరు, చెర్రీ లారెల్ ఆకులు చూపుకు దీనిలాగే ఉంటాయి, రెండూ విషమే.

ఒక్క ఆకుతో రుచి తెలుసుకోండి

కొత్తగా వాడేవాళ్లు కూరలో వేసే ముందు ఈ పని చేయాలి. ఒక గ్లాసు నీళ్లు మరగనిచ్చి, ఒక ఎండాకు వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచండి. ఐదు నిమిషాలకు మూత తీస్తే ముక్కుకు ఘాటే తగులుతుంది. ‘మందులా ఉంది’ అనిపించడం సహజం. ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఘాటు తగ్గి, పచ్చి మూలికల వాసన, తేలికపాటి టీ వాసన పైకి వస్తాయి. ఒక చెంచా చల్లార్చి నోట్లో వేసుకుంటే నాలుక చివర కొద్దిపాటి చేదు తెలుస్తుంది. ఈ ఆకు నిదానంగా పనిచేస్తుంది. దించే ముందు వేస్తే దండగ. మందమైన, తోలులాంటి ఆకు కాబట్టి నూనెలు మెల్లగా బయటికొస్తాయి.

వంటలో వేయడం

నలుగురికి సరిపడే వంటకు ఒకటి, మహా అయితే రెండు ఆకులు. అంతకు మించితే చేదొస్తుంది. మొదట్లోనే, ఉల్లిపాయ వేగేటప్పుడు నూనెలో వేస్తే వాసన నూనెకు బాగా పడుతుంది. ఆ తర్వాత నీళ్లు పోసి అరగంట తక్కువ కాకుండా ఉడికే వంటలన్నిటికీ ఇది నప్పుతుంది. శనగలు, రాజ్మా, మటన్ సూప్, పాస్తాలోకి చేసే టమాటా గుజ్జు, ఉప్పునీళ్లలో ఉడికించే బంగాళాదుంపలు అలాంటివే. టర్కీలో చేపముక్కలను పుల్లకు గుచ్చేటప్పుడు మధ్యమధ్యలో ఈ ఆకులు గుచ్చి నిప్పుల మీద కాలుస్తారు. పాలల్లో కూడా బాగుంటుంది. వైట్ సాస్ కోసం పాలు కాచేటప్పుడు ఒక ఆకు వేసి, పావుగంట మూత పెట్టి, తీసేసి, ఆ పాలతోనే సాస్ చేయండి. తేడా అప్పుడు తెలుస్తుంది.

చారు, పులుసుల్లో ఇది వద్దనే నా అభిప్రాయం. కరివేపాకు, ఇంగువ ఉన్న చోట దీనికి పని లేదు. బిర్యానీ ఆకు దొరక్క, ఇదే చేతిలో ఉంటే, ఒక ఆకుతోపాటు చిన్న దాల్చినచెక్క ముక్క, ఒక లవంగం ఎక్కువ వేయండి. అచ్చంగా అదే వాసన రాకపోయినా దగ్గరికొస్తుంది.

వడ్డించే ముందు ఆకు తీసేయడం మరిచిపోవద్దు. ఎంతసేపు ఉడికినా ఇది మెత్తబడదు, అంచులు గట్టిగానే ఉంటాయి, గొంతులో అడ్డం పడొచ్చు. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. ఆకును ముక్కలు చేయకుండా నిండుగా వేసి, ఎన్ని వేశారో గుర్తుపెట్టుకుంటే చాలు.

కొనడం, దాచడం

ఆకుపచ్చ రంగు మిగిలి ఉన్నవి, విరిచినప్పుడు వాసన వచ్చేవి తీసుకోండి. గోధుమరంగుకు తిరిగినవాటిలో సారం ఉండదు. గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా, చీకట్లో పెట్టండి. ఫ్రీజర్‌లో ఇంకా బాగా నిలుస్తాయి.

బియ్యం డబ్బాలో

టర్కీ, ఇటలీల్లో ఎండు అంజీర పళ్లను బే ఆకులతో కలిపి సర్దే అలవాటు ఉంది. వాసనతోపాటు పురుగు దరిచేరదనే నమ్మకం కూడా. మన ఇళ్లలో ఎండు వేపాకు, ఎండుమిర్చి వేసినట్టే బియ్యంలో, పప్పుల్లో ఇవి నాలుగైదు వేసుకోవచ్చు. అయితే దీన్నే నమ్ముకోకండి. ఘాటు కొంత దూరం పెడుతుందేమో గానీ, గింజల్లో ఉన్న గుడ్లను చంపదు. కొత్తగా తెచ్చిన పిండినీ పప్పునూ నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, తడి చేరకుండా డబ్బాలో పోయడమే అసలు ఉపాయం. ఆకు దానికి తోడు మాత్రమే.

మందుగా తాగొచ్చా?

బే ఆకు కషాయంతో షుగర్ తగ్గుతుందని, బరువు తగ్గుతామని ఫోన్లలో వచ్చే మాటలు చూసి మందులు మానేయవద్దు. వంటలో పడే ఒకటి రెండు ఆకులు ఆహారమే, మందు కాదు. భోజనం తర్వాత ఒక ఆకు మరిగించిన గ్లాసు నీళ్లు హాయిగా అనిపిస్తే తాగండి. గర్భిణులు, షుగర్ మందులు వాడేవాళ్లు రోజూ తాగే ముందు డాక్టర్ని అడగాలి. పైన పూసుకోవడానికైతే, సిరియాలోని అలెప్పోలో ఆలివ్ నూనె, లారెల్ కాయల నూనె కలిపి చేసే సబ్బు తరతరాలుగా పేరున్నది. ఆ సబ్బు తయారీని 2024లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

కుండీలో పెంచడం

గింజ నుంచీ, కొమ్మ నుంచీ మొలవడానికి చాలా కాలం పడుతుంది. నర్సరీలో మొక్క కొనుక్కోవడమే నయం. అడుగున బాగా చిల్లులున్న కుండీలో ఇసుక కలిపిన మట్టి పోసి, వేలు పెట్టి చూసి పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి. వేళ్లు నీళ్లలో నానితే చచ్చిపోతుంది. గట్టి మంచు పడే ఊళ్లలో చలికాలం ఇంట్లోకి, వెలుతురొచ్చే కిటికీ దగ్గరికి మార్చాలి. కోస్తా ఎండలకూ ఉక్కకూ ఇది బాగా రాదు, బెంగళూరు లాంటి చల్లని ఊళ్లో ప్రయత్నించవచ్చు. ఆకుల వెనక గోధుమరంగు పొక్కుల్లా అంటుకునే పొలుసు పురుగులను తడిగుడ్డతో తుడిచేయండి. కుక్కలు, పిల్లులు ఆకులు నమిలితే వాటికి హాని, అందనంత ఎత్తున పెట్టండి.

మొదటి ఏడాది ఆకులు కోయకుండా మొక్కను నిలదొక్కుకోనివ్వండి. తర్వాత ముదిరిన ఆకులే కోసి, నీడలో గుడ్డ మీద పరిచి, ముడుచుకోకుండా పైన పలక బరువు పెట్టి, ఒకటి రెండు వారాలు ఆరనివ్వండి. పచ్చాకు చేదు, ఆరితేనే రుచి కుదురుతుంది.