అమావాస్యకే ఫిట్స్ వస్తాయా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. రెండేళ్లుగా ఫిట్స్ వస్తున్నాయి. అమావాస్యకో పున్నానికో ఒకటి రెండు రోజులు అటూ ఇటూగానే పడిపోతోంది. సముద్రాన్నే పొంగించే చంద్రుడు ఒంట్లో నీళ్లను వదులుతాడా అంటారు మా అత్తమ్మ. ఆ రోజుల్లోనే మాత్రలు వేసి మిగతా రోజులు ఆపొచ్చా డాక్టరుగారూ?
– ఒక తల్లి, వైరా

జవాబు: ముందు మాత్రల సంగతి. ఒక్క పూట కూడా ఆపొద్దమ్మా. ఫిట్స్ మందు ఉన్నట్టుండి మానేస్తే ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు.

మీ అత్తమ్మ మాటలో సగం నిజముంది. భూమికి ఈ వైపు నుంచి ఆ వైపుకు దాదాపు 12,700 కిలోమీటర్లు. అంత దూరంలో చంద్రుడి లాగుడులో తేడా పడబట్టే సముద్రానికి పోటు వస్తుంది. అమావాస్యకూ పున్నానికీ సూర్యుడు కూడా తోడవుతాడు కాబట్టి బందరు తీరంలో పోటు ఇంకా పెరుగుతుంది. అదే చంద్రుడి కింద మన వైరా రిజర్వాయర్ నీళ్లు కంటికి ఆనేంత కూడా కదలవు. ఐదడుగుల మనిషిలో ఇంకేం కదులుతాయి?

'అటూ ఇటూ' అన్నారు చూడండి, తిరకాసు అక్కడే ఉంది. అమావాస్యకు ముందు రెండు రోజులు, ఆ రోజు, తర్వాత రెండు రోజులు, మొత్తం ఐదు. పున్నానికి ఇంకో ఐదు. చంద్రుడి నెల 29న్నర రోజులే. అంటే ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే ఫిట్స్‌లో కూడా మూడో వంతు ఎలాగూ ఈ రోజుల్లోనే పడతాయి. అష్టమి నాడు వచ్చినవి ఎవరికీ గుర్తుండవు.

అయితే మీ అమ్మాయి విషయంలో నేను పట్టించుకునే నెల ఇంకొకటుంది, ఆమె నెలసరి. కొందరికి హార్మోన్ల మార్పు వల్ల బహిష్టుకు కాస్త ముందూ, మొదటి రోజుల్లోనూ ఫిట్స్ ఎక్కువవుతాయి. 28 రోజులకోసారి వచ్చే నెలసరి రెండు మూడు నెలలు అమావాస్యతో కలిసే నడుస్తుంది. తర్వాత నెలకు రోజున్నర చొప్పున పక్కకు జరుగుతుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం అమావాస్యే కనిపిస్తుంది. గోడ క్యాలెండర్లో ఫిట్స్ వచ్చిన రోజు, నెలసరి మొదలైన రోజు, మాత్ర మరిచిన రోజు, నిద్ర చాలని రాత్రి అన్నీ గుర్తు పెట్టండి. మూడు నెలల తర్వాత ఆ క్యాలెండర్ తీసుకెళ్లి న్యూరాలజిస్టుకు చూపించండి. పెళ్లి ఆలోచన ఉంటే అదీ చెప్పండి. వాల్‌ప్రోయేట్ లాంటి మాత్రలు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, ముందే మార్చుకోవాలి.

పడిపోయినప్పుడు తాళంచెవులు వెతకొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: రిజర్వాయర్‌లో చేపలు పడతాను. వెన్నెల రాత్రుల్లో వలకు చేప పడదు, ఇంటికొచ్చి పడుకుంటే నిద్రా పట్టదు. రెండూ చంద్రుడి పనేనా?
– ఒక మత్స్యకారుడు, వైరా

జవాబు: చేప సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. వెన్నెల్లో దానికి వల కనిపిస్తుంది కదా! నిద్ర విషయంలో కొంత ఆధారముంది. 2021లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం అర్జెంటీనాలోని తోబా గిరిజనులు పున్నానికి ముందు రాత్రుల్లో ఆలస్యంగా పడుకుని తక్కువ నిద్రపోయారు. కరెంటు దీపాల మధ్య ఉండే సియాటిల్ విద్యార్థుల్లోనూ అదే కనిపించింది. కిటికీకి మందపాటి గుడ్డ కట్టండి, సాయంత్రం తర్వాత టీ మానండి. నెల పొడుగునా నిద్ర పట్టకపోతే మాత్రం చంద్రుణ్ని వదిలేసి బీపీ, షుగర్ చూపించుకోండి.