మేఘాలను కనిపెట్టే కన్ను

పిల్లలూ! మన యాంగోన్‌లో మే నెల నడుమ నుండి అక్టోబరు వరకు వానకాలమని మీకు తెలుసు. ఆ నెలలలో మింగలడాన్ విమానాశ్రయంలో దిగే విమానాలు నల్లని మేఘాల నడుమ నుండి రావలసి ఉంటుంది. చీకటి రాత్రి బయట ఏమీ కనిపించదు. మరి ఉరుముల మేఘం ఎక్కడ ఉన్నదో విమానం నడిపే పైలట్‌కు ఎట్లా తెలుస్తుంది?

విమానం ముక్కు లోపల వాతావరణ రాడార్ అనే పరికరం ఉంటుంది. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది కనుక ముక్కు తొడుగును ఫైబర్‌గ్లాసు వంటి పదార్థంతో చేస్తారు. దాని లోపల పళ్లెం వంటి ఏంటెన్నా అటూ ఇటూ తిరుగుతూ, సుమారు 3 సెంటీమీటర్ల పొడవుగల తరంగాలను ముందుకు పంపుతుంది.

బావిలోకి వంగి కేక వేస్తే మీ కేక మీకే తిరిగి వినిపిస్తుంది గదా! రాడార్ పని కూడా అటువంటిదే. తరంగాలు వానచినుకులకు తగిలి కొంతమేర వెనుకకు వస్తాయి. అవి సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోతాయి. పంపిన తరంగం సెకనులో వెయ్యవ వంతు కాలంలో తిరిగి వచ్చిందనుకోండి. పోయి వచ్చిన దూరం 300 కిలోమీటర్లు. అనగా వాన 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నదన్నమాట.

పైలట్ ముందున్న తెరపై తేలికపాటి వాన ఆకుపచ్చగా, ఒక మోస్తరు వాన పసుపుగా, భారీ వాన ఎరుపుగా కనిపిస్తుంది. చినుకు అడ్డుకొలత రెట్టింపయితే అది వెనుకకు పంపే శక్తి 64 రెట్లవుతుంది. అందుకే పెద్ద చినుకులు తెరపై ప్రస్ఫుటంగా కనిపిస్తాయి.

అయితే ఈ కన్ను అన్నింటినీ చూడలేదు. దాని లోపాలు తెలుసుకోవడం చాలా అవసరం.

మొదటిది: రాడార్ చూచేది ముఖ్యంగా నీటి చినుకులను. మంచు స్ఫటికాలు, పొడి వడగండ్లు తరంగాలను బాగా వెనుకకు పంపవు. మేఘం లేనిచోట విమానాన్ని కుదిపే గాలి సుడులు అసలే కనిపించవు.

రెండవది: భారీ వాన తరంగాలను తానే హరించివేస్తుంది. అందువలన దాని వెనుక మరొక తుఫాను మేఘం ఉన్నా తెరపై నల్లగా, ఖాళీగా కనిపించవచ్చు. అది దారి కాదు, రాడార్ చూపు చేరని చోటు!

మూడవది: తరంగాలు సన్నని పుంజంగా పోతాయి. ఏంటెన్నాను మరీ పైకెత్తితే చూపు వానకు పైగా పోతుంది. మరీ కిందికి దించితే నేల ప్రతిబింబమే తెరను నింపుతుంది.

1977 ఏప్రిల్ 4న అమెరికాలో సదరన్ ఎయిర్‌వేస్ విమానం ఉరుముల వానలో చిక్కుకొన్నది. వాన, వడగండ్లు లోపలికి పోయి రెండు ఇంజిన్లూ ఆగిపోయినవి. విమానం రహదారిపై కూలి, నేలమీదివారితో సహా 72 మంది మరణించారు. ఆ తుఫానును దాటడానికి కెప్టెన్ విమానంలోని రాడార్‌పై ఆధారపడటం కూడా ఒక కారణమని దర్యాప్తు సంఘం తెలిపింది.

2009 జూన్ 1న రియో నుండి పారిస్ పోతున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానంలో, వేగాన్ని కొలిచే గొట్టాలను మంచు స్ఫటికాలు మూసివేసినవి. ఆ గందరగోళంలో విమానం అదుపు తప్పి సముద్రంలో పడగా, 228 మంది మరణించారు.

మనకు దగ్గరలో కూడా ఇటువంటి విషాదం జరిగింది. 2017 జూన్ 7న మెయిక్ నుండి యాంగోన్ వస్తున్న సైనిక విమానం అండమాన్ సముద్రంలో కూలి, అందులోని 122 మంది చనిపోయారు. చెడు వాతావరణమే కారణమని అధికారులు ప్రకటించారు.

అందుచేత పైలట్లు రాడార్‌ను తుఫానులోనికి దూరడానికి వాడరాదు. తుఫానును తప్పించుకొని పోవడానికే వాడాలి. తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 37 కిలోమీటర్ల దూరంగా పోవాలని వారికి నేర్పుతారు. ఏంటెన్నాను పైకీ కిందికీ తిప్పి చూడాలి. నేలమీది కేంద్రాలను, ముందు పోయిన విమానాలవారిని అడిగి తెలుసుకోవాలి.

పిల్లలూ! ఏ పరికరమైనా తాను చూడగలిగినదే చెబుతుంది. అది చూడలేనిదేమిటో తెలుసుకొని మెలగడం మనిషి బాధ్యత. వానరాత్రి మీ ఇంటిపైన విమానం చప్పుడు వినిపించినప్పుడు ఈ మాట గుర్తుకు తెచ్చుకోండి.

కొత్త పదాలు
స్ఫటికం: నిర్ణీతమైన ఆకారంగల గట్టి పలుకు
పుంజం: కిరణాల కట్ట
ప్రస్ఫుటంగా: బాగా స్పష్టంగా

ప్రశ్నలు
1. విమానం ముక్కు తొడుగును లోహంతో ఎందుకు చేయరు?
2. తెరపై ఖాళీగా కనిపించే చోటు ఎందుకు ప్రమాదకరం కావచ్చు?
3. పంపిన తరంగం సెకనులో రెండువేలవ వంతు కాలంలో తిరిగి వస్తే వాన ఎంత దూరంలో ఉన్నట్లు?
4. యాంగోన్‌లో వాన రాకముందు మీరు ఆకాశంలో చూచే గుర్తులను అయిదు వాక్యాలలో రాయండి.