హక్కు, న్యాయము, శీలము

“హక్కు” అను మాట మనము పలుమారు వినుచున్నాము. వారసుడు ఆస్తి తన హక్కనును. కూలివాడు తగిన కూలి తన హక్కనును. అల్పసంఖ్యాక భాషావర్గమునకు చెందిన మనము మాతృభాషలో చదువుకొనుట మన హక్కనుచున్నాము. ఈ హక్కులు మనకెవరిచ్చిరి? ఇచ్చినవారు తిరిగి తీసికొనగలరా? హక్కు ఉన్నంతమాత్రమున దానిని వాడుకొనువాడు మంచివాడగునా? ఇట్టి ప్రశ్నలకు పెద్దలు చెప్పిన సమాధానములను కొన్నింటిని తెలిసికొని, వానిని మన స్థితికి అన్వయించి చూచుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

హక్కు అననేమి?

“హక్కు” అచ్చతెలుగు మాట కాదు. అది అరబ్బీ భాషలో పుట్టి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. ఆ భాషలో దానికి సత్యమనియు, న్యాయమైనదనియు అర్థములు కలవు. ఈ అర్థములను గమనించినచో కోరికకును హక్కునకును గల భేదము తెలియును. నాకు క్రొత్త సైకిలు కావలెననుట కోరిక. దానిని నాకు ఇచ్చితీరవలసిన బాధ్యత పొరుగువానికి లేదు. కాని నా పాత సైకిలును పాఠశాల యెదుట నిలిపినపుడు దానిని ఎవ్వరును తీసికొనిపోరాదు. ఇక్కడ నాకు హక్కు కలదు. తక్కిన వారందరికిని విధి కలదు. ఒకరికి హక్కున్నచోట మరియొకరికి విధి ఉండితీరును. విధి ఎవరిదో చెప్పలేని హక్కు కోరికగానే మిగిలిపోవును.

హక్కులు శాసనము వలననే పుట్టునని ఇంగ్లండు దేశపు తత్త్వవేత్త బెంథాము వాదించెను. మనుష్యుడై పుట్టుటచేతనే కొన్ని హక్కులు సిద్ధించుననియు, శాసనము వానిని గుర్తించుటయే గాని పుట్టించుట లేదనియు మరికొందరు చెప్పిరి. 1948 డిసెంబరు 10వ తేదీన ఐక్యరాజ్యసమితి ప్రకటించిన విశ్వమానవ హక్కుల ప్రకటనము రెండవ మతమును అనుసరించినది. ఆ ప్రకటనము మొదటి అధికరణములోని వాక్యములో “పురుషులందరు” అను అర్థము నిచ్చు మాట ఉండగా, భారత ప్రతినిధి శ్రీమతి హంసా మెహతా పట్టుబట్టి “మానవులందరు” అని మార్పించిరి. ఒక్క మాట మార్పుతో లోకములోని స్త్రీలందరు ఆ వాక్యములో నిస్సందేహముగా చేరిరి.

గాంధీ మహాత్ముని మార్గము వేరు. 1947లో మానవ హక్కులను గూర్చి యునెస్కో డైరెక్టర్ జనరల్ జూలియన్ హక్స్లీ అభిప్రాయమడుగగా, చక్కగా నెరవేర్చిన విధినుండియే నిలువదగిన హక్కు పుట్టునని, ఈ సంగతి చదువురాని తన తల్లివద్ద నేర్చుకొంటినని ఆయన బదులు వ్రాసిరి. ఈ మాటను జాగ్రత్తగా గ్రహింపవలెను. విధి నెరవేర్చనివానికి హక్కు లేదని చెప్పినచో, ఏ విధియు చేయజాలని పసిబిడ్డకు హక్కే లేదనవలసి వచ్చును. ఆయన భావమది కాదని నేను తలంచుచున్నాను. ఎవరి విధిని వారు చేసినపుడే ఎదుటివారి హక్కు కాగితము దాటి వచ్చునని దాని సారము.

రాజ్యాంగమున మన స్థానము

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 29వ అధికరణములో, ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల పౌరవర్గమునకు వానిని కాపాడుకొను హక్కు నిచ్చినది. 30వ అధికరణము మతమును బట్టిగాని, భాషను బట్టిగాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనవచ్చునని చెప్పుచున్నది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు ఏడవ సవరణము ద్వారా 350-ఎ, 350-బి అను అధికరణములు చేరినవి. మొదటిది, అల్పసంఖ్యాక భాషావర్గముల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నించుట ప్రతి రాష్ట్రమునకు, ప్రతి స్థానిక సంస్థకు విధియని చెప్పుచున్నది. రెండవది, ఈ రక్షణలను విచారించి రాష్ట్రపతికి నివేదించుటకు ఒక ప్రత్యేకాధికారిని నియమింపవలెనని చెప్పుచున్నది. ఆ నివేదికలు పార్లమెంటు ఉభయసభల యెదుట ఉంచబడును.

ఈ అధికరణములలో రెండు సంగతులు గమనింపదగినవి. 350-ఎ అధికరణము “ప్రయత్నింపవలెను” అని చెప్పినదేగాని “ఇచ్చితీరవలెను” అని చెప్పలేదు. మరియు అది ప్రాథమిక దశకే పరిమితము. కావున మనబోటి ఉన్నత పాఠశాలలకు ముఖ్యాధారము 30వ అధికరణమును, ఆయా రాష్ట్రముల ఉత్తరువులును. శాసనము ఆగిన ఈ చోటనే న్యాయమును, శీలమును గూర్చి విచారింపవలసిన అవసరము కలుగుచున్నది.

న్యాయము అననేమి?

గ్రీకుదేశపు తత్త్వవేత్త అరిస్టాటిలు (క్రీ. పూ. 384–322) న్యాయమును రెండు విధములుగా విభజించెను. పంచిపెట్టునపుడు ఎవరికి తగినది వారికి ఇచ్చుట ఒకటి. ఒకరివలన మరియొకరికి నష్టము కలిగినపుడు దానిని సరిచేయుట రెండవది. అందరికిని ఒకే కొలత ఇచ్చుట ఎల్లప్పుడు న్యాయము కాదు. తరగతిలో అందరికిని ఒకే భాషలో పాఠము చెప్పి, అందరిని సమానముగా చూచితిమనుట చూపునకు సమానత్వమే. ఆ భాష రాని బిడ్డకు మాత్రము అచట పాఠమే లేదు.

తమిళుల తిరుక్కురళులో న్యాయదృష్టిని గూర్చి “నడువునిలైమై” అని ఒక అధికారమే కలదు. అందు తిరువళ్లువరు ఎటును ఒరగక నిలుచు త్రాసును పెద్దలకు ఉపమానము చేసెను. తిక్కన సోమయాజి భారతమున, ఇతరులు చేసినచో తనకు ఏది అప్రియమో దానిని తాను ఇతరులకు చేయకుండుటే ధర్మములకెల్ల ముఖ్యమని చెప్పెను. అమెరికా దేశపు తత్త్వవేత్త జాన్ రాల్స్ 1971లో ప్రకటించిన తన న్యాయసిద్ధాంత గ్రంథములో ఇట్టి భావమునే ఒక పరీక్షగా మలచెను. సంఘమునకు నియమములు చేయువారందరు ఒక తెర వెనుక కూర్చున్నారని ఊహింపుడు. తాము ధనికులో పేదలో, ఏ కులమువారో, ఏ భాషవారో వారికి తెలియదు. తెర తొలగినపుడు తాము ఏ స్థానమున ఉందుమో ఎరుగని వారు ఏ నియమములకు ఒప్పుకొందురో అవియే న్యాయమైనవని ఆయన వాదము.

ఇది ఒట్టి ఊహయని త్రోసివేయవలదు. మన సరిహద్దులలో అట్టి తెర నిజముగా తొలగిన దినము కలదు. 1959లో పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి, 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమునకు చేరినది. చెంగల్పట్టు, సేలం జిల్లాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు చేరినవి. మార్చి 31వ తేదీ రాత్రి తిరుత్తణిలో అధికసంఖ్యాకుల భాష గల రాష్ట్రమున నిదురించిన తెలుగు కుటుంబము మరునాడు అల్పసంఖ్యాక కుటుంబముగా మేల్కొనెను. దాని ప్రక్కయింటి తమిళ కుటుంబమునకు దీనికి మారుగా జరిగెను. ఎవరును ఇల్లు కదలలేదు, తమ మాట మార్చుకొనలేదు. రాష్ట్రము మాత్రము మారినది. ముందుగా ఈ సంగతి తెలియని ఆ ఇరువురు ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి పాఠశాలలకు నియమము వ్రాయుడనినచో ఏమి వ్రాసియుందురు? రాష్ట్రభాషను అందరును నేర్వవలెననియు, అల్పసంఖ్యాకుల బిడ్డలకు తమ భాషలో చదువు దొరకవలెననియు రెండును వ్రాసియుందురని నా నమ్మకము.

దీని వలన తేలునదేమనగా, మనము ఇచట కోరునది ఇతరులకు మరియొకచోట ఇచ్చుటకు సిద్ధముగా ఉండవలెను. చిత్తూరు ప్రాంతమున తమిళులు, మడకశిర ప్రాంతమున కన్నడిగులు, ఇచ్ఛాపురము ప్రాంతమున ఒడియావారు తెలుగువారి నడుమ అల్పసంఖ్యాకులు. వారి బిడ్డల బడి మూతపడినపుడు మనకు బాధ కలుగనిచో, మన బడిని గూర్చి మనము చెప్పునది న్యాయము గాక స్వపక్షాభిమానమగును.

శీలము

హక్కు శాసనగ్రంథమున ఉండును. న్యాయము ఏర్పాటులలో ఉండును. శీలము మనుష్యునియందే ఉండును. శీలము వినుటచేత కాక చేయుటచేత అలవడునని అరిస్టాటిలు చెప్పెను. వీణ వాయించి వాయించి వైణికుడైనట్లు, న్యాయమైన పనులు చేసి చేసి మనుష్యుడు న్యాయశీలుడగును. సద్గుణము రెండు అతులకు నడుమ నుండునని కూడ ఆయన వివరించెను. పిరికితనమునకును తెగింపునకును నడుమ ధైర్యము కలదు. లోభమునకును దుబారాకును నడుమ ఔదార్యము కలదు. భాషాభిమానము కూడ ఇట్టిదే. తన భాషను నలుగురిలో పలుకుటకు సిగ్గుపడుట ఒక అతి. ఇరుగుపొరుగువారి భాషను హీనముగా చూచుట మరియొక అతి. ఈ రెండింటికి నడుమ నున్నదే గుణము.

శీలము లేని హక్కు ఎట్లు చెడునో న్యాయస్థానమే ఒకసారి తెలియజేసినది. 1958లో కేరళ విద్యాబిల్లును గూర్చి అభిప్రాయము చెప్పుచు సుప్రీంకోర్టు, విద్యాసంస్థను నిర్వహించు హక్కులో దుర్నిర్వహణ చేయు హక్కు చేరియుండదని పలికెను. ఈ వాక్యము పాఠశాలల నిర్వాహకులకే గాక మనకును వర్తించును. చదువుకొను హక్కులో తరగతిలో అల్లరి చేసి ప్రక్కవాని చదువును చెరచు హక్కు లేదు.

ఒక చిక్కు ప్రశ్న: పదవ బిడ్డ

ఇంతవరకు చెప్పినదానిని ఒక కఠినమైన ప్రశ్నపై పరీక్షింతము. 1949 ఆగష్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము, పాఠశాల మొత్తములో 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని ఆ భాషవారున్నచో ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ఏర్పాటు చేయవలెనని తీర్మానించెను. ఒక గ్రామమున తెలుగు బిడ్డలు పదిమందియే ఉన్నారనుకొందము. తొమ్మిదిమంది తల్లిదండ్రులు తెలుగు మాధ్యమమును కోరిరి. పదవ బిడ్డ తండ్రి ఆంగ్లమాధ్యమమున చేర్చెదననుచున్నాడు. అతడు వెడలినచో తక్కిన తొమ్మిదిమందికి తరగతి లేదు. ఆ తొమ్మిదిమందికి అతనిపై హక్కు కలదా?

అధికసంఖ్యాకుల సుఖమే ధర్మమునకు కొలబద్ద యనువారు, ఒకని ఇష్టముకంటె తొమ్మిదిమంది మేలు గొప్పదనవచ్చును. కాని అల్పసంఖ్యాకులమైన మనము ఆ వాదమును చేపట్టినచో, రాష్ట్రమంతటి లెక్కలో అదే వాదము మనమీదికి తిరుగును. జర్మను తత్త్వవేత్త కాంటు, మనుష్యుని ఎన్నడును కేవలము సాధనముగా చూడరాదని బోధించెను. పదవ బిడ్డ మన లెక్కను నింపు అంకె కాదు. తన బ్రతుకు తనకు గల మనుష్యుడు. 2014లో సుప్రీంకోర్టు కర్ణాటకకు సంబంధించిన వ్యాజ్యమున, ప్రాథమిక దశలో మాతృభాషా మాధ్యమమును ప్రభుత్వము నిర్బంధింపజాలదనియు, ఆ ఎన్నిక బిడ్డ పక్షమున తల్లిదండ్రులదనియు తీర్పు చెప్పెను. కావున తొమ్మిదిమందికి ఆ తండ్రిపై హక్కు లేదు.

అయినను ప్రశ్న ఇంతటితో ముగియలేదు. “నాకు హక్కు కలదు” అనునది ఎవరును నన్ను ఆపరాదనుటకే సమాధానము. నేను చేయునది మంచిదా యనుటకు సమాధానము కాదు. ఆ తండ్రి తన మనస్సును తానే అడుగవలెను: ఈ ఎన్నిక బిడ్డ మేలు కొరకా, ఇరుగుపొరుగువారి మెప్పు కొరకా? బిడ్డకు పాఠము తెలియుచున్నదా, లేక బిడ్డ అర్థము తెలియక వల్లించుచున్నదా?

తొమ్మిదిమంది తల్లిదండ్రులును తమను తాము అడుగవలెను: ఆ తండ్రి భయము నిరాధారమా? తెలుగు తరగతిలో చదివిన బిడ్డ రాష్ట్రభాషలో అర్జీ వ్రాయలేకపోయినచో, ఆంగ్లము రాక కళాశాలలో వెనుకబడినచో ఆ లోపమెవరిది? మంచి బడిని చూపి అతనిని ఒప్పించుట వారి విధి. భాషాద్రోహియని నిందించుట ధర్మము కాదు.

మూడవ విధి ప్రభుత్వమునది. పది అను సంఖ్య పరిపాలనా సౌకర్యమునకై ఏర్పడినదే గాని ధర్మమునుండి పుట్టినది కాదు. పదిమందికి గల అవసరము తొమ్మిదిమందికి లేకపోదు. శాసనము సామాన్యమగుటచేత ప్రత్యేక సందర్భమున లోపించినపుడు దానిని సవరించు సద్బుద్ధిని అరిస్టాటిలు న్యాయముకంటె మేలైన న్యాయమనెను. లెస్బోసు ద్వీపమున శిల్పులు సీసపు కొలబద్దను వాడెడివారు. అది రాతి వంపునకు తగినట్లు వంగెడిదని ఆయన ఉదాహరించెను. రెండు తరగతులను కలిపి ఒక ఉపాధ్యాయుని ఇచ్చుటయో, ప్రక్క గ్రామపు బిడ్డలను చేర్చుటయో అట్టి సవరణములు.

ముగింపు

హక్కు అడుగుటకు అధికారము నిచ్చును. న్యాయము ఎంత అడుగవలెనో, ఎవరికి ఏమి ఈయవలెనో తెలుపును. పొందినదానిని నిలుపుకొను శక్తి శీలమువలన వచ్చును. రాజ్యాంగము మనకు బడి పెట్టుకొను హక్కు నిచ్చినది. ఆ బడిలో వేళకు వచ్చు ఉపాధ్యాయుని, చదువు విద్యార్థిని, అడిగి తెలిసికొను తల్లిదండ్రులను అది ఈయజాలదు. అవి మనము తేవలసినవి.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. కోరికకును హక్కునకును గల భేదమును మీ ఇంటినుండి ఒక ఉదాహరణముతో చూపుడు.

2. మీ గ్రామమున మీ భాషవారే అధికసంఖ్యాకులై, పొరుగువారు తమ భాషలో బడి కోరినచో మీరేమి సమాధానము చెప్పెదరు?

3. పదవ బిడ్డ తండ్రి స్థానమున మీరున్నచో ఏమి చేయుదురు? కారణములు వ్రాసి, మీ తల్లిదండ్రులకు చదివి వినిపింపుడు.