పాడి పశువులలో క్షయ: మైకోబాక్టీరియం బోవిస్ స్వభావము, నివారణ

కృష్ణా డెల్టాలో వరిగడ్డి ఆధారముగా గేదెల పోషణ సాగుచున్నది. పశు క్షయకారకమైన మైకోబాక్టీరియం బోవిస్ సోకిన పశువు పైకి ఆరోగ్యముగా కనిపించుచు చాలాకాలము పాలివ్వగలదు. ఇదియే అసలు చిక్కు.

ఈ బాక్టీరియా కణకవచములో మైకోలిక్ ఆమ్లములు అధికము. అందువలన జీల్-నీల్సన్ పద్ధతిలో పట్టిన ఎరుపు రంగును ఆమ్లముతో కడిగినను వీడదు. ఒక్కొక్క విభజనకు సుమారు 20 గంటలు పట్టుటచే, వర్ధనములో సమూహములు కనబడుటకు వారములు పట్టును. కావున మందలో ట్యూబర్‌క్యులిన్ చర్మపరీక్ష జరిపి, 72 గంటల తరువాత చర్మపు మందమును కొలిచి వ్యాధిని గుర్తింతురు.

ఇది మనుషులకు సోకినచో, క్షయ చికిత్సలో వాడు పైరజినమైడ్‌కు సహజముగనే లొంగదు. పాలను 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకండ్లు పాశ్చరైజ్ చేసినను, ఇంట పొంగువరకు కాచినను నశించును. విజయవాడ డెయిరీలలో పాశ్చరైజ్ అయిన పాలకన్న, గ్రామములలో కాచకుండ త్రాగు పాలతోనే ప్రమాదమెక్కువ. విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ముందుగా చెప్పవలసినది ఇదియే.