గృహ బ్రాడ్‌బ్యాండు సంస్థను మార్చుకొనుట – ఒక పరిశీలన

మానవుని నిత్యావసరములు కాలముతో పాటు మారుచుండును. ఒకప్పుడు ఇంటికి మంచినీటి కుళాయి వచ్చుటయే గొప్ప. ఆ తరువాత టెలిఫోను వచ్చుట గొప్ప. దానికై దరఖాస్తు పెట్టుకొని ఏండ్ల తరబడి నిరీక్షించిన కుటుంబములు ఎన్నియో కలవు. నేడు ఇంటర్నెట్టు లేని ఇల్లు విద్యార్థికి దీపము లేని ఇల్లు వంటిది. అయినను ఆ సౌకర్యమునిచ్చు సంస్థను ఎట్లు ఎన్నుకొనవలెను, అవసరమైనపుడు ఎట్లు మార్చుకొనవలెను అను విషయమును ఏ పాఠ్యపుస్తకమును మనకు నేర్పదు. ఆ లోటును కొంతవరకైన తీర్చుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మేమిద్దరము ఈ కళాశాల విద్యార్థులము. మధురానగర్‌లో ఒకే భవనమున ఎదురెదురు వాటాలలో నివసించుచున్నాము. ఒకరిది తెలుగు మాట్లాడు ఇల్లు, మరొకరిది ఉర్దూ మాట్లాడు ఇల్లు. రెండిళ్లకును చాలకాలము ఒకే సంస్థ వారి బ్రాడ్‌బ్యాండు ఉండెను. గత సంవత్సరము రెండు కుటుంబములును ఆ సంస్థను విడిచినవి. ఒక ఇల్లు తొందరపడి నష్టపోయినది; మరొక ఇల్లు నిదానించి లాభపడినది. ఆ రెండు అనుభవములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన పిదప మాకు తోచిన సంగతులను మిత్రుల ముందుంచుచున్నాము.

కొంత చరిత్ర

మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించినది. అప్పుడు టెలిఫోను తీగ మీదనే నంబరు త్రిప్పి ప్రవేశించవలెను. ఇంటర్నెట్టు నడుచుచుండగా ఫోను పనిచేయదు. 2004లో కేంద్ర ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండు విధానమును ప్రకటించి, సెకనుకు కనీసము 256 కిలోబిట్ల వేగముండిననే దానిని బ్రాడ్‌బ్యాండు అనవలెనని నిర్ణయించినది. ఆ కనీస వేగము 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగినది. మన హైదరాబాదున 2017లోనే ఒక ప్రైవేటు సంస్థ సెకనుకు ఒక గిగాబిట్ వేగమును ఇండ్లకు అందించుట ప్రారంభించినది. అనగా పదమూడేండ్లలో, 2004 నాటి కనీస వేగమునకు సుమారు నాలుగువేల రెట్లు. ఇంత వేగముగ మారు రంగమున ఒకే సంస్థను జీవితాంతము పట్టుకొని యుండవలెనను నియమము లేదు. అట్లని ప్రకటన చూచినపుడెల్ల మార్చుటయు వివేకము కాదు.

తీగలో ఏమి జరుగుచున్నది?

పాత బ్రాడ్‌బ్యాండు రాగితీగపై నడచును. విద్యుత్ సంకేతము రాగిలో దూరము పోయిన కొలది క్షీణించును. అందుచేత ఎక్స్ఛేంజికి దగ్గరనున్న ఇంటికి ఒక వేగము, దూరమునున్న ఇంటికి మరొక వేగము. కొత్త తీగ గాజుతో చేయబడినది. దాని నడిమి భాగము సుమారు 9 మైక్రోమీటర్లు మాత్రమే. తలవెంట్రుక కంటె సన్నము. అందులో ప్రవేశించిన కాంతి సంపూర్ణాంతర పరావర్తనము చెందుచు బయటికి పోక ముందుకు సాగును. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమున మనము చదివిన సూత్రమే మన ఇంటి గోడకు వచ్చి చేరినది. గాజు తంతువుల ద్వారా ప్రతిబింబములను పంపు ప్రయోగములు చేసిన వారిలో భారతదేశమున జన్మించిన నరిందర్ సింగ్ కపానీ ఒకరు. గాజులోని మాలిన్యములను తొలగించిన ఎడల కాంతి బహుదూరము పోగలదని 1966లో చెప్పిన చార్లెస్ కావో 2009లో నోబెల్ బహుమతి నందుకొన్నారు.

ఒక్క సంగతి మాత్రము ఇచ్చట గమనింపదగినది. వీధిలోని ఒక గాజుతీగను చీల్చి 32 లేక 64 ఇండ్లకు పంచుట సాధారణ పద్ధతి. కావున సంస్థ పేరు ఎంత గొప్పదైనను, మన వీధిలో ఎందరు పంచుకొనుచున్నారు, తీగ తెగినపుడు బాగుచేయువాడు ఎంత త్వరగ వచ్చును అనునదే మనకు ముఖ్యము. ఈ విషయము ప్రకటనలో కనబడదు. ప్రక్కింటివారిని అడిగి తెలిసికొనవలెను. రాత్రి తొమ్మిది గంటలకు వేగమెట్లున్నదని అడుగుట మంచిది, మధ్యాహ్నము అందరికిని బాగుగనే యుండును.

అంకెల లెక్క

ప్రకటనలలో వేగమును బిట్లలో చెప్పుదురు. మనము దించుకొను పుస్తకముల, చిత్రముల పరిమాణము బైట్లలో ఉండును. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్ల కనెక్షనులో సెకనుకు వచ్చునది 12.5 మెగాబైట్లు మాత్రమే. రెండవది, వచ్చు వేగము వేరు, పంపు వేగము వేరు. మా పేటకు సమీపమున సారథి స్టూడియో, ఆ పైన జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ఉన్నవి. ఒకప్పుడు చిత్రములు రీలు డబ్బాలలో ప్రయాణించెడివి. నేడు ఇంటి నుండి ఎడిటింగ్ చేయువారు వాటిని తీగ మీదనే పంపుచున్నారు. 50 గిగాబైట్ల దృశ్యమును 10 మెగాబిట్ల పంపు వేగముతో పంపుటకు పదకొండు గంటలు పట్టును. 100 మెగాబిట్లైన ఒక గంట ఏడు నిమిషములలో ముగియును. వీడియో ద్వారా పాఠము చెప్పు ఉపాధ్యాయులకును ఈ పంపు వేగమే ప్రాణము. మూడవది, ప్రకటించిన ధరకు 18 శాతము పన్ను చేరును. 600 రూపాయలన్నది బిల్లులో 708 రూపాయలగును.

మరియొక మాట. వేగము తగ్గిన ప్రతిసారియు తప్పు సంస్థది కాకపోవచ్చును. రౌటరును బీరువా వెనుక పెట్టి, రెండు గోడల అవతల కూర్చుండి చదువువానికి ఏ సంస్థయు తృప్తి కలిగింపజాలదు. ముందుగ కంప్యూటరును రౌటరుకు తీగతో కలిపి పరీక్షింపవలెను. అప్పుడును వేగము లేనిచో మాత్రమే సంస్థను తప్పు పట్టవలెను.

మా రెండిండ్ల కథ

పాత కనెక్షను వారమునకు రెండుమార్లు నిలిచిపోవుచుండెను. విసిగిన తెలుగింటివారు ఒకనాడు ఫోను చేసి దానిని రద్దు చేయించి, మరునాడు వచ్చెదమన్న కొత్త సంస్థ మాటను నమ్మినారు. ఆ మరునాడు తొమ్మిది దినములైనది. ఆ నడుమనే మాలో ఒకరి చెల్లెలి స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఒక పత్రము సరిగా లేదని ఉత్తరము వచ్చినది. అది వచ్చినది పాత సంస్థ ఇచ్చిన ఈమెయిలు చిరునామాకు. కనెక్షనుతో పాటు ఆ చిరునామాయు మూతపడినది. ఉత్తరము సంగతి తెలిసేసరికి గడువు దాటినది. ఆ సంవత్సరపు ఫీజును తండ్రిగారు అప్పు చేసి కట్టినారు. పాత రౌటరును తీసికొనిపోయిన మనిషి రసీదు ఇయ్యలేదు. డిపాజిటు సొమ్మునకై నాలుగు నెలలు తిరుగవలసి వచ్చినది.

ఎదురింటి ఖాలాజాన్ సాయంకాలములందు ఆన్‌లైనులో పిల్లలకు లెక్కలు చెప్పుదురు. ఒక్కదినము పాఠము తప్పిన ఎడల ఆమె రాబడి తగ్గును. ఆమె కొత్త కనెక్షను పెట్టించి, పదిహేను దినములు రెండింటిని నడిపి చూచి, ఆ పిదపనే పాతదానిని వ్రాతమూలకముగ రద్దు చేయించినారు. “బేటా, రెండు బిల్లులు కట్టితినని నవ్వినారు కదా! ఏరు దాటకముందే తెప్పను తగలబెట్టుదురా?” అని ఆమె మాతో అన్నమాట ఈ వ్యాసమునకు మూలము.

మార్చుకొను క్రమము

1. పాత ప్యాకేజీ గడువు ఎన్నడు ముగియునో చూచుకొనవలెను. సంవత్సరమునకు ముందుగ చెల్లించిన సొమ్ములో మిగిలినది తిరిగి వచ్చునో లేదో వ్రాతలో అడుగవలెను.
2. బ్యాంకు, కళాశాల, స్కాలర్‌షిప్ ఖాతాలలో పాత సంస్థ ఈమెయిలు ఉన్నచో ముందే మార్చుకొనవలెను.
3. సెల్‌ఫోనుకు 2011 నుండి దేశమంతట నంబరు మార్చకయే సంస్థను మార్చు సౌకర్యమున్నది. ఇంటి ల్యాండులైనుకు అట్టి సౌకర్యము లేదు. పాత నంబరు ఎవరెవరికి ఇచ్చినామో జాబితా వ్రాసికొనవలెను.
4. కొత్త కనెక్షను వచ్చి, రాత్రి వేళ పరీక్షించి తృప్తిపడిన పిదపనే పాతది రద్దు చేయవలెను.
5. రద్దు కోరిక వ్రాతలో ఉండవలెను. రౌటరు అప్పగించినపుడు దాని నంబరుతో సహా రసీదు తీసికొనవలెను.

వినియోగదారుని హక్కులు

ఫిర్యాదు చేసినపుడు సంస్థ ఒక సంఖ్య నీయవలెను. పరిష్కారము తృప్తికరము కానిచో అదే సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును. ఈ రెండంచెల పద్ధతి 2012 నాటి టెలికాం నియంత్రణ సంస్థ నిబంధనల వలన ఏర్పడినది. అప్పటికిని న్యాయము జరుగనిచో వినియోగదారుల కమిషనుకు పోవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టము చేసినది. తెలుగింటివారి డిపాజిటు కూడ అప్పీలు వ్రాసిన తరువాతనే వచ్చినది.

అంతకంటె ముఖ్యమైన తీర్పు మరొకటి కలదు. కేరళలో ఫహీమా షిరీన్ అను విద్యార్థిని తన హాస్టలులో మొబైలు ఫోను వాడకముపై విధించిన ఆంక్షలను ప్రశ్నించినది. ఇంటర్నెట్టును పొందు హక్కు విద్యాహక్కులో, వ్యక్తిగత గోప్యతాహక్కులో భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పినది. మనవంటి ఒక విద్యార్థిని న్యాయస్థానమున నిలిచి సాధించిన తీర్పు ఇది.

స్తంభము ఒక్కటే

సంస్థను మార్చినంత మాత్రమున అన్ని కష్టములును తీరవు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథమునకు విద్యుత్తు సోకి ఐదుగురు మరణించినారు. ఆ దుర్ఘటన పిదప నగరమున విద్యుత్ స్తంభములపై వ్రేలాడు కేబుళ్లను తొలగించు పని ముమ్మరమైనది. అనేక పేటలలో ఇంటర్నెట్టు నిలిచిపోయి, వ్యవహారము హైకోర్టు వరకు పోయినది. మనుష్యుల ప్రాణముకంటె కేబులు ఎక్కువ కాదు. కాని ఆ దినములలో ఒక సత్యము బోధపడినది: సంస్థలు పది అయినను స్తంభము ఒక్కటే. కత్తెర పడిననాడు పాత సంస్థ, కొత్త సంస్థ అను భేదము లేదు. భూగర్భమున క్రమపద్ధతిలో తీగలు వేయనంతకాలము ఈ ఇబ్బంది తప్పదు.

ముగింపు

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము రెండు మాటలు. మన విద్యార్థులలో చాలమంది ఇండ్లలో ఒక్క కనెక్షను కూడ లేదు. ఉన్నవారికిని అది ఎన్నడు నిలుచునో తెలియదు. పరీక్షల దరఖాస్తుల దినములలోను, స్కాలర్‌షిప్ గడువు దినములలోను గ్రంథాలయపు కంప్యూటరు గదిని రాత్రి ఎనిమిది గంటల వరకు తెరచి ఉంచిన ఎడల ఎందరో పిల్లల సంవత్సరము నిలుచును. అట్లే గడువు తేదీలను ఉర్దూలోను తెలుగులోను ప్రకటన పలకపై వ్రాయించినచో, ఈమెయిలు చేరనివారికిని సంగతి చేరును.

మిత్రులారా! వేగము ఎంతయని మాత్రమే అడుగక, అది నిలిచిననాడు ఎవరు పలుకుదురని కూడ అడుగుడు. రసీదును జాగ్రత్త పరచుడు. కొత్తది వెలిగిన తరువాతనే పాతదానిని ఆర్పుడు. మాలో ఒకరి చెల్లెలు ఈ సంవత్సరము మరల దరఖాస్తు పెట్టినది. ఈసారి చిరునామా సరిగానున్నది.